రైల్వే గుమాస్తా జాన్ మీకిల్ (1898-1918): మార్ఫో దగ్గర ఆ కుర్రవాడు ఒంటరిగా ఎందుకు ముందుకు వెళ్లాడు?

ప్రశ్న: గూడ్సు గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను రైల్వేలో వాణిజ్య విభాగంలో పని చేస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న రైల్వే ఉద్యోగుల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. అలా చదువుతూ జాన్ మీకిల్ అనే స్కాట్లాండు కుర్రవాడి కథ దగ్గర ఆగిపోయాను. అతడు 1898 సెప్టెంబరు 11న కిర్కిన్‌టిల్లాక్ అనే ఊళ్లో పుట్టాడు. గ్లాస్గో నగరానికి నైరుతి దిక్కున ఉన్న నిట్స్‌హిల్ స్టేషనులో గుమాస్తాగా పని చేశాడు. 1915 ఫిబ్రవరిలో, అంటే పదహారేళ్ల వయసులో, సీఫోర్త్ హైలాండర్స్ 4వ బెటాలియనులో చేరాడు. 1918 జులై 20న ఫ్రాన్సులోని మార్ఫో గ్రామం దగ్గర మరణించేనాటికి సార్జెంటు హోదాలో ఉన్నాడు. అప్పటికే మిలిటరీ మెడల్ పొందినవాడు. మరణానంతరం బ్రిటిష్ సైన్యంలో అత్యున్నతమైన విక్టోరియా క్రాస్ కూడా లభించింది. ఇరవయ్యో ఏడు ఇంకా నిండలేదు.

ఇంతవరకు వివరాలు సులభంగానే దొరికాయి. అయితే అతడి ఆఖరి రోజు గురించి ఎక్కడ చదివినా ఒకటే వాక్యం కనిపిస్తోంది: రివాల్వరు, ఒక బరువైన చేతికర్ర పట్టుకుని శత్రువుల మెషిన్‌గన్ల మీదికి ఒక్కడే వెళ్లాడని. చదవగానే ఒళ్లు గగుర్పొడుస్తుంది, నిజమే. కానీ రెండోసారి చదివితే మనసు ఒప్పుకోదు. బెటాలియను మొత్తం ఉండగా ఒక సార్జెంటు చేతికర్రతో వెళ్లవలసిన పరిస్థితి ఎందుకు వచ్చింది? అది ఆవేశమా, లేక అక్కడ వేరే దారి లేకపోయిందా? రోజంతా ఇన్‌వాయిస్‌లు రాసుకుంటూ, వ్యాగన్ల లెక్క చూసుకుంటూ ఉండే ఉద్యోగం వదిలి, ఆ వయసు కుర్రవాడు యుద్ధానికి ఎలా వెళ్లగలిగాడు, రైల్వేవారు ఎలా పంపించారు అన్నది నా రెండో సందేహం. మూడోది కొంచెం చిన్నది. నిట్స్‌హిల్ స్టేషనులో తోటి ఉద్యోగులు పెట్టించిన స్మారక శిల ఇప్పుడు ఎంతో దూరాన, ఉత్తర స్కాట్లాండులోని డింగ్‌వాల్ స్టేషను దగ్గర ఉందట. అక్కడికి ఎందుకు వెళ్లింది?

తెలిసినవారు వివరంగా రాస్తే కృతజ్ఞుణ్ణి. వీరుడు, త్యాగమూర్తి వంటి మాటలు నేనూ చాలా చదివాను కనుక, అసలు ఏం జరిగిందో చెప్పే సమాధానాలు కావాలని మనవి.

సమాధానం 1: చరిత్ర విద్యార్థి

మంచి ప్రశ్న వేశారు. ముందు ఆ రోజు జరిగిన దాన్ని, 1918 సెప్టెంబరు 16న లండన్ గెజెట్ అనే బ్రిటిష్ ప్రభుత్వ పత్రికలో వెలువడిన పతక ప్రకటన ఆధారంగా, వరుసగా చెబుతాను. ఆ ప్రకటన అతడి ఇరవయ్యో పుట్టినరోజు గడిచిన ఐదు రోజులకు వచ్చింది.

బెటాలియనులో ఒక భాగమైన అతడి కంపెనీ మెషిన్‌గన్ కాల్పులకు ముందుకు కదలలేక ఆగిపోయింది. మీకిల్ ఒక్కడే, ఏ చాటూ లేని ఆరుబయట 150 గజాలు, అంటే దాదాపు 137 మీటర్లు దాటి, ఆ మెషిన్‌గన్ల స్థావరాన్ని చేరుకున్నాడు. అక్కడ రెండు గన్‌లున్నాయి. వాటిని నడుపుతున్నవారిపై రివాల్వరులోని గుళ్లన్నీ కాల్చేశాడు. మిగిలినవారిని చేతికర్రతో కొట్టి పడగొట్టాడు. తరువాత నిటారుగా నిలబడి, చెయ్యి ఊపి తనవాళ్లను రమ్మన్నాడు. కంపెనీ కదిలింది.

మీరు చదివిన ఒక్క వాక్యం ఇక్కడితో ఆగిపోతోంది. కానీ అతడు చనిపోయింది ఇక్కడ కాదు. కాసేపటికే ఇంకో మెషిన్‌గన్ అడ్డు తగిలింది. అది వీళ్లనే కాక, కుడివైపున సాగుతున్న కంపెనీని కూడా దెబ్బతీసే చోట ఉంది. అప్పటికి మీకిల్ ప్లటూనులో, అంటే కంపెనీలోని అతడి చిన్న దళంలో, చాలామంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. పడిపోయిన తోటి సైనికుడి బాయ్‌నెట్ బిగించిన రైఫిలు అందుకుని అతడు మళ్లీ పరుగెత్తాడు. దాదాపు గన్ ఉన్న చోటికి చేరుకున్నాక తూటా తగిలి పడిపోయాడు. వెనకాలే వచ్చిన ఇద్దరు సైనికులు ఆ గన్‌ను నిలిపివేయగలిగారు. వాళ్లిద్దరూ అక్కడిదాకా రాగలిగింది అతడి వల్లనేనని ప్రకటన స్పష్టంగా చెబుతోంది. ఆ సాహసం ఫలించిందా అన్న సందేహం ఎవరికైనా ఉంటే ఆ ఇద్దరే జవాబు.

ఇక ఆ పరిస్థితి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కొద్దిగా వెనక్కి వెళ్లాలి. 1918 జులై 15న జర్మనీ పశ్చిమ రంగంలో తన ఆఖరి పెద్ద దాడి మొదలుపెట్టింది. మూడు రోజులకు, జులై 18న, ఫ్రెంచి సైన్యాలు సువాసోం వైపు నుంచి ఎదురుదాడి చేశాయి. రాంస్ నగరానికి నైరుతిలో ఆర్ద్ర్ అనే చిన్న ఏటి లోయలో అప్పటిదాకా పోరాడి బాగా దెబ్బతిన్న ఇటాలియన్ దళాల స్థానంలోకి బ్రిటిష్ 22వ కోర్‌కు చెందిన రెండు డివిజన్లను హడావుడిగా తెచ్చారు. అవి 62వ డివిజను, మీకిల్ ఉన్న 51వ హైలాండ్ డివిజను. వేరే రంగం నుంచి రైళ్లలో వచ్చి, అక్కడి నుంచి నడిచి, సరైన విశ్రాంతి లేకుండా, నేలను పగటిపూట పరిశీలించుకునే వ్యవధి కూడా లేకుండా జులై 20 ఉదయం దాడికి దిగవలసి వచ్చింది.

ఆ నేల ఎలా ఉండేదో ఊహించుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనకు బురద, కందకాలు, ముళ్లకంచెలు గుర్తుకొస్తాయి. ఆర్ద్ర్ లోయ అలా లేదు. అది షాంపేన్ ద్రాక్ష పండే సీమ. లోయలో కోతకు వచ్చిన గోధుమ చేలు నడుము ఎత్తున నిలబడి ఉన్నాయి. వాలుల మీద ద్రాక్షతోటలు, వాటి పైన బ్వా ద కూర్తోం వంటి దట్టమైన అడవులు. తుప్పల్లోనూ చేలలోనూ దాగి ఉన్న మెషిన్‌గన్లు కాల్పులు మొదలయ్యేదాకా కంటికి కనబడవు. కనబడని వాటిని ఫిరంగులు ఎలా కొట్టగలవు? చాలా గన్‌లు ఫిరంగి కాల్పుల నుంచి తప్పించుకుని, పదాతిదళం దగ్గరికి వచ్చాక నోరు తెరిచాయి.

కాబట్టి మీ మొదటి సందేహానికి నా జవాబు ఇది. అక్కడ ఫిరంగులు చేయలేకపోయిన పనిని కంపెనీలు, ప్లటూన్లు తమ చేతులతో చేసుకోవలసి వచ్చింది. మీకిల్ చేసింది ఆ పనే. జులై 20న ఆ లోయలో చాలాచోట్ల ఇటువంటి పోరే జరిగింది. మార్ఫో గ్రామం ఆ రోజు చేతికి రాలేదు. మూడు రోజుల తరువాత, జులై 23న, 62వ డివిజను దాన్ని పట్టుకుంది. ఆ పోరులో న్యూజిలాండు సైకిల్ దళం కూడా పాల్గొంది.

సమాధానం 2: మాధవరం హవల్దారు

చరిత్ర విద్యార్థి గారు నేల గురించి చక్కగా రాశారు. నేను విశ్రాంత సైనికుణ్ణి. తాడేపల్లిగూడెం దగ్గర మా మిలిటరీ మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లినవాళ్లు ఉన్నారు కనుక, ఇటువంటి సంగతులు ఇంట్లో వింటూనే పెరిగాను. మీ ప్రశ్నలోని ‘ఆవేశమా’ అన్న మాటకు మాత్రమే జవాబు రాస్తాను.

మెషిన్‌గన్ ముందు నేలకు కరుచుకుని పడుకుంటే బతుకుతామని బయటివారు అనుకుంటారు. కొద్ది నిమిషాల వరకు అది నిజం. ఆనాటి జర్మన్ మెషిన్‌గన్ నిమిషానికి 450 గుళ్లకు పైగా కాల్చేది. గుళ్ల పట్టీ ఒక్కొక్కటి 250 గుళ్లతో ఉండేది. గన్‌లను ఎప్పుడూ ఒంటరిగా పెట్టరు. ఒకదాని ముందున్న నేలను రెండోది పక్కనుంచి కాపాడే విధంగా అమరుస్తారు. అటువంటి అమరిక ముందు పడుకున్న కంపెనీ కదలకపోతే, శత్రువు ఆ చోటు గుర్తుపెట్టుకుని మోర్టార్లతో, ఫిరంగులతో కొడతాడు. వెనక్కి పరుగెత్తితే వీపున తగులుతుంది. అంటే ఆగిపోయిన ప్రతి నిమిషానికీ మనుషులు పోతూనే ఉంటారు. ఈ లెక్క సార్జెంటుకు తెలుసు. కొత్తగా వచ్చిన జవానుకు తెలియదు.

1917 తరువాత బ్రిటిష్ ప్లటూనులో నాలుగు సెక్షన్లు ఉండేవి. రైఫిళ్లవారు, బాంబులు విసిరేవారు, రైఫిల్ గ్రెనేడ్లవారు, లూయిస్ గన్ అనే తేలికపాటి మెషిన్‌గన్ నడిపేవారు. పద్ధతి ప్రకారం లూయిస్ గన్, గ్రెనేడ్లు ఎదుటినుంచి శత్రువు తల ఎత్తకుండా చేస్తాయి. ఆ అదనులో రైఫిళ్లవారు, బాంబులవారు పక్కనుంచి చుట్టి వెళ్లి మీద పడతారు. ఇది మంచి పద్ధతి. నేటికీ మూలసూత్రం అదే. కానీ ఆ నాలుగు సెక్షన్లలో సరిపడా మనుషులు మిగిలి ఉంటేనే అది నడుస్తుంది. రెండో గన్ దగ్గర అతడి ప్లటూనులో ఎక్కువమంది పడిపోయారని గెజెట్ చెబుతోంది కదా. పద్ధతి నడిపించే మనుషులే లేనప్పుడు మిగిలేది ఒక్కటే: ఎవరో ఒకరు లేచి, గన్ నడిపేవాడి చూపును తనవైపు తిప్పుకోవాలి. గన్‌కు ఒకటే గొట్టం. అది ఒకడి మీదికి తిరిగినప్పుడు మరో ఇద్దరికి దారి దొరుకుతుంది. ఆ ఇద్దరు వచ్చారు, గన్ ఆగింది. ఇది ఆవేశం కాదు.

చేతికర్ర సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని వింతగా చూస్తారు. గన్ గుంటలోకి దిగాక పోరు చేతికి అందేంత దగ్గరలో జరుగుతుంది. గన్ నడిపేవారు మోకాళ్ల మీదో, పడుకునో ఉంటారు. రివాల్వరులో ఆరు గుళ్లే ఉంటాయి. అక్కడ నిలబడి మళ్లీ నింపుకునే వ్యవధి ఎవ్వరూ ఇవ్వరు. రెండు గన్‌లకు ఉండే మనుషుల సంఖ్య ఆరు గుళ్లకు మించినదే. ఏడో మనిషి దగ్గర చేతిలో ఏముంటే దానితోనే కొట్టాలి. అతడి చేతిలో బరువైన కర్ర ఉంది. నిజానికి నాకు ఆ కర్ర కన్నా, కొట్టడం అయ్యాక అతడు నిటారుగా నిలబడి చెయ్యి ఊపడం పెద్ద విషయంగా తోస్తుంది. అప్పటిదాకా నేలకు కరుచుకున్న మనుషులు లేచి రావాలంటే, ముందు నిలబడ్డవాడు ఒకడు కనిపించాలి. నిలబడితే దూరాన ఉన్న మరో గన్‌కు తాను గురి అవుతానని అతడికి తెలియకుండా ఉండదు.

ఇంకొక్క మాట. పంతొమ్మిదేళ్లకు సార్జెంటు అంటే మామూలు రోజుల్లో నమ్మలేం. యుద్ధంలో పైవాళ్లు పడిపోతున్నకొద్దీ కిందివాళ్లు పైకి వస్తారు. అంతమాత్రాన సార్జెంటు చేతి మీది ఆ మూడు పట్టీలు ఊరికే రాలేదు. మిలిటరీ మెడల్ అప్పటికే ఉంది. వయసు కుర్రవాడిదే అయినా, ఆ రోజు కంపెనీలో చాలామంది కన్నా అనుభవం ఎక్కువ ఉన్నవాడు.

సమాధానం 3: పాత బడి పంతులమ్మ

హవల్దారు గారు రాసింది చదివాక ఆ రోజు జరిగింది నాకు బాగా అర్థమైంది. కానీ ఆయన ఆఖరి మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అనుభవం ఎక్కువ అన్నారు. పంతొమ్మిదేళ్లకు అంత అనుభవం ఎలా వచ్చిందని మనం అడగాలి కదండీ. పదహారేళ్లకు సైన్యంలోకి రానిచ్చారు కనుక వచ్చింది. నేను ముప్పై ఏళ్లకు పైగా పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాను. పదహారేళ్ల మగపిల్లలు ఎలా ఉంటారో నాకు తెలుసు. ఎదుటివాడు వెళుతున్నాడంటే తానూ వెళ్లాలనుకుంటారు. ఆ వయసు ధైర్యం నిజమైనదే. కానీ ఆ ధైర్యానికి ఎంతవరకు అవకాశం ఇవ్వాలో చూసుకోవలసింది పెద్దవాళ్లు.

బ్రిటిష్ నియమం ప్రకారం సైన్యంలో చేరడానికి 18 ఏళ్లు, విదేశాల్లో యుద్ధానికి పంపడానికి 19 ఏళ్లు నిండాలి. కానీ చేరేటప్పుడు పుట్టిన తేదీకి పత్రం చూపమని ఎవరూ అడగనక్కర లేదు. నోటితో చెప్పిన వయసే రికార్డుకు ఎక్కేది. ఆ విధంగా వేల సంఖ్యలో మైనరు కుర్రవాళ్లు చేరిపోయారు. నిర్బంధ సైనిక సేవ చట్టం 1916 జనవరిలో వచ్చింది. మీకిల్ దానికి ఏడాది ముందే తనంతట తాను చేరాడు. అంటే అతణ్ణి ఎవరూ బలవంతం చేయలేదు, నిజమే. అయినా ఆ రోజుల్లో గోడల మీద పోస్టర్లు, వీధుల్లో బ్యాండు మేళాలు, చేరనివాడి చేతికి పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈక ఇచ్చే ఆడవాళ్లు. ఒక కుర్రవాడు తనంతట తాను నిర్ణయించుకున్నాడని అనేముందు ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

రైల్వేవారు ఎలా పంపించారని మీరు అడిగారు. యుద్ధం మొదలైన వెంటనే, 1914 ఆగస్టులోనే, బ్రిటన్‌లోని రైల్వే కంపెనీలన్నీ ప్రభుత్వ అధీనంలోకి వచ్చాయి. సైన్యాన్ని, గుర్రాలను, బొగ్గును, మందుగుండును ఓడరేవులకు చేర్చేది రైళ్లే కనుక రైల్వే మనుషులు యుద్ధానికి ఎంతో అవసరం. అందువల్ల రైల్వే ఉద్యోగిని కంపెనీ అనుమతి లేకుండా చేర్చుకోవద్దని సైన్యానికి ఆదేశాలు కూడా వచ్చాయి. అయినా ఒక లక్షా ఎనభై వేల మందికి పైగా రైల్వే ఉద్యోగులు సైన్యంలో చేరారు. డ్రైవరును, సిగ్నల్‌మన్‌ను వదులుకోవడం కష్టం. చిన్న స్టేషనులో పదహారేళ్ల గుమాస్తాను వదులుకోవడం కష్టం కాదు. అలా వెళ్లినవారి పనుల్లోకి ఆడవాళ్లు వచ్చారు. టికెట్లు ఇవ్వడం, సామాను మోయడం, లెక్కలు రాయడం, బండ్లు తుడవడం వేల సంఖ్యలో వాళ్లే చేశారు.

1919 మే 14న లండనులోని సెయింట్ పాల్ చర్చిలో, యుద్ధంలో మరణించిన రైల్వే ఉద్యోగుల కోసం ప్రార్థన జరిగింది. అప్పటికి లెక్కకు వచ్చిన పేర్లు 18,957. తరువాత పరిశోధకులు చేర్చిన పేర్లతో అది ఇరవై వేలు దాటింది. ఆ ఇరవై వేల మందిలో విక్టోరియా క్రాస్ వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మనం మీకిల్ గురించి మాట్లాడుకోగలుగుతున్నది అతడికి పతకం వచ్చింది కనుకే. పతకం రాని పదహారేళ్ల పోర్టర్లు, క్లీనర్లు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

మాధవరం హవల్దారు (బదులు)

పంతులమ్మ గారూ, మీ మాట కాదనను. పదహారేళ్లకు చేర్చుకోవడం తప్పే. నేను చెప్పింది జులై 20 గురించి మాత్రమే. ఆ ఉదయం అతడు అక్కడ ఉండకుండా ఉంటే బాగుండేది అనడం వేరు, అక్కడ ఉన్నాక చేసింది తెలియనితనం అనడం వేరు. రెండోది ఒప్పుకుంటే, అతడి వెనకాల లేచి వచ్చిన ఇద్దరి తెలివిని కూడా తక్కువ చేసినట్లవుతుంది. 1916 నుంచి తల్లిదండ్రులు వయసుకు రుజువు చూపి అడిగితే మైనర్లను వెనక్కి పిలిపించే వీలు కూడా వచ్చింది. 1918 నాటికి మాత్రం మీకిల్ నియమం ప్రకారమే యుద్ధరంగంలో ఉండదగినవాడు. పందొమ్మిది నిండి పది నెలలు దాటింది. అతణ్ణి అప్పటికి పిల్లవాడిగా కాక సార్జెంటుగా చూడడమే మర్యాద అని నా అభిప్రాయం.

పాత బడి పంతులమ్మ (బదులు)

నేను తెలియనితనం అనలేదండీ. అతడి తెలివి మీద నాకు ఏ సందేహమూ లేదు. ఆ తెలివి ఇంకో యాభై ఏళ్లు బతకవలసింది అంటున్నాను. అంతే.

గూడ్సు గుమాస్తా (ప్రశ్న వేసినవారు)

అందరికీ ధన్యవాదాలు. రెండో గన్ సంగతి నాకు ఇంతవరకు తెలియదు. అది తెలిశాక మొత్తం కథే వేరుగా కనిపిస్తోంది. మొదటి గన్‌ల దగ్గర గెలిచి, బతికి, చెయ్యి ఊపి, అక్కడితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు కదా.

నిట్స్‌హిల్ స్టేషను గురించి కూడా ఇంకొంచెం తెలిస్తే చెప్పగలరా? చిన్న స్టేషనులో గుమాస్తా పని నాకు తెలిసిన పనే. మా దగ్గర ఇప్పుడంతా కంప్యూటరు మీదే నడుస్తోంది కానీ, నేను ఉద్యోగంలో చేరినప్పుడు కార్బన్ కాగితం పెట్టి రాసిన రసీదుల కట్టలు ఇంకా రికార్డు గదిలో ఉండేవి. ఊదారంగు అక్షరాలు, పక్కన స్టేషను ముద్ర, కింద ఎవరిదో పొడి సంతకం. అతడు కూడా అటువంటి సంతకాలే రోజుకు ఎన్నో చేసి ఉంటాడు. శిల గురించి అడిగింది కూడా అందుకే. తోటి ఉద్యోగులు పెట్టుకున్న రాయి వాళ్ల స్టేషనులో లేకపోవడం నాకు బాధగా తోచింది.

మన దగ్గర 1965 యుద్ధంలో రాజస్థాన్‌లోని గడ్రా రోడ్ దగ్గర సైన్యానికి సామగ్రి చేరవేస్తూ 17 మంది రైల్వే ఉద్యోగులు బాంబుదాడిలో మరణించారు. వాళ్లు సైనికులు కారు. కానీ ఏటా సెప్టెంబరు 9న వాళ్ల స్మారకం దగ్గర రైల్వే ఉద్యోగులు చేరి శ్రద్ధాంజలి ఘటిస్తారు. ఆ రాయి వాళ్లు పడిపోయిన చోటే ఉంది. అందుకే డింగ్‌వాల్ సంగతి విన్నప్పుడు ఎందుకన్న ప్రశ్న వచ్చింది.

సమాధానం: చరిత్ర విద్యార్థి

నిట్స్‌హిల్ అప్పట్లో బొగ్గుగనుల ఊరు. 1851 మార్చిలో అక్కడి విక్టోరియా గనిలో పేలుడు జరిగి 61 మంది పెద్దలు, పిల్లలు చనిపోయారు. ఆ ఊరివారికి కొడుకులను పోగొట్టుకోవడం యుద్ధంతో మొదలైన సంగతి కాదు. స్టేషను 1848లో తెరుచుకుంది. మీకిల్ కాలానికి ఆ మార్గం గ్లాస్గో, బార్‌హెడ్, కిల్మార్నక్ జాయింట్ రైల్వేది. పేరులోని ‘జాయింట్’కు కారణం, దాన్ని కాలిడోనియన్ కంపెనీ, గ్లాస్గో సౌత్ వెస్టర్న్ కంపెనీ అనే రెండు పోటీ కంపెనీలు ఉమ్మడిగా నడపడం. గనుల పక్కనున్న అటువంటి ఊరి స్టేషనులో బొగ్గు వ్యాగన్ల రాకపోకలు, పార్సిళ్లు, టికెట్ల లెక్కలతో గుమాస్తాకు చేతినిండా పని ఉండేది. బొగ్గు దిగే ఊళ్లో గుమాస్తా ఉద్యోగమంటే, గనిలోకి దిగకుండా బతికే అరుదైన అవకాశం కూడా. నిట్స్‌హిల్ స్టేషను నేటికీ నడుస్తోంది, రైళ్లు ఆగుతున్నాయి.

శిల సంగతి. తోటి రైల్వే ఉద్యోగులు దాన్ని ఆ స్టేషనులోనే పెట్టించారు. చాలా ఏళ్లు అక్కడే ఉంది. స్టేషన్లలో పనివాళ్లు తగ్గిపోయి, భవనాలు పోయి, చూసుకునే దిక్కు లేకుండా పోయాక అక్కడి నుంచి తీసి డింగ్‌వాల్‌కు చేర్చారు. డింగ్‌వాల్‌కే ఎందుకంటే, సీఫోర్త్ హైలాండర్స్ 4వ బెటాలియను మూలస్థానం ఆ ఊరు. అది రాస్‌షైర్ సీమకు చెందిన టెరిటోరియల్ బెటాలియను. గ్లాస్గో పక్క కుర్రవాడు ఉత్తరాది బెటాలియనులో చేరాడు. చివరికి అతడి రాయి కూడా ఆ బెటాలియను వెంటే వెళ్లింది. అక్కడా అది స్టేషను ముంగిటే ఉంది కాబట్టి రైల్వేవారి రాయి రైల్వేవారి దగ్గరే ఉన్నట్లే అనుకోండి. అతడి విక్టోరియా క్రాస్ కూడా డింగ్‌వాల్ మ్యూజియంలోనే ఉంది. ఇన్వర్నెస్ నుంచి రైల్లో వెళితే దగ్గరే.

మీరు రైల్వే మనిషి కనుక ఇంకొక విషయం. విక్టోరియా క్రాస్ పొందిన రైల్వే ఉద్యోగులను కంపెనీలు ఒకే రీతిలో గౌరవించలేదు. లండన్ నార్త్ వెస్టర్న్ రైల్వే తన ఉద్యోగుల్లో ఆ పతకం వచ్చిన సైక్స్, వుడ్, క్రిస్టీ అనే ముగ్గురి పేర్లను 1922లో మూడు పెద్ద ఆవిరి ఇంజన్లకు పెట్టింది. ఆ ముగ్గురూ యుద్ధం నుంచి తిరిగివచ్చినవారు. సైక్స్, వుడ్ పేర్లు తరువాత కాలంలో కొత్త ఇంజన్ల మీదికి కూడా మారాయి. మీకిల్ పేరును మాత్రం నిలిపింది స్టేషనులో తనతోపాటు పని చేసినవాళ్లు. మిడ్‌లాండ్ రైల్వేలో కూలీగా పని చేసిన జేకబ్ రివర్స్ 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దగ్గర చనిపోయి ఇదే పతకం పొందాడు. అతడి గురించి మాట్లాడేవారు ఇంకా తక్కువ. మీరు చదువుతున్న వరుసలో తరువాత అతణ్ణి చూడండి.

మీకిల్ సమాధి మార్ఫో గ్రామం పక్కన ఉన్న బ్రిటిష్ శ్మశానవాటికలో ఉంది. అక్కడ వెయ్యికి పైగా సమాధులున్నాయి, వాటిలో చాలామంది ఆ జులై పోరులో పడిపోయినవారే. ఆచూకీ దొరకని న్యూజిలాండు సైనికుల పేర్లు చెక్కిన స్మారకం కూడా అక్కడే ఉంది. యూరప్‌లో ఉన్న మనవాళ్లు ఎవరైనా వెళ్లాలనుకుంటే రాంస్ నుంచి కారులో అరగంట ప్రయాణం. జులైలో వెళితే చేలు, తోటలు ఆనాడు ఉన్నట్లే ఉంటాయి. నేను మొదట చెప్పిన 150 గజాలు ఎంత దూరమో ఆ నేల మీద నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

గూడ్సు గుమాస్తా

ఎంతో ఓపికగా రాశారు, కృతజ్ఞతలు. ఈ వివరాలతో మా ఉద్యోగుల సంఘం పత్రికకు ఒక వ్యాసం రాయాలనుకుంటున్నాను. పంతులమ్మ గారి మాటలు, హవల్దారు గారి మాటలు రెండూ అందులో ఉండాలని నా కోరిక. మీ ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే చెప్పండి. జేకబ్ రివర్స్ గురించి చదివాక కొత్త ప్రశ్నగా వేరే పెడతాను.

పాత బడి పంతులమ్మ

తప్పకుండా రాయండి. అతడు చేరినప్పటి వయసు మొదటి పేరాలోనే ఉండేలా చూడండి.

మాధవరం హవల్దారు

నాకూ సమ్మతమే. రెండో గన్‌ను వదిలిపెట్టకండి.